మూగజీవుల ఋణము

మానవుడు ఋణగ్రస్తుడై జన్మించుచున్నాడని శాస్త్రము చెప్పుచున్నది. దేవఋణము యజ్ఞముచేతను, ఋషిఋణము అధ్యయనముచేతను, పితృఋణము సంతానముచేతను తీరును. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో వీనికి సంబంధించిన మూడింటితోపాటు మనుష్యయజ్ఞము, భూతయజ్ఞము అను రెండు కూడ కలవు. అతిథికి పెట్టు అన్నము మనుష్యయజ్ఞము; పశుపక్షికీటాదులకు వేయు బలి భూతయజ్ఞము. కావున మూగజీవులకు పెట్టుట కేవలము దయాదానము కాదు, నిత్యకర్మ. దానిని మానినవాడు ఔదార్యము లేనివాడు మాత్రమే కాడు, చెల్లింపవలసిన బాకీని చెల్లింపనివాడు కూడ అగును.

పాలిచ్చు గోవుపట్లను, అరక లాగు ఎద్దుపట్లను ఈ ఋణము గృహస్థులెల్లరకు తెలిసినదే. అయితే పాలు గాని పంట గాని యీయని యొక గుర్రము, ఒక శునకము, తన సాన్నిధ్యముచేతనే రోగి బాధను తగ్గించుచున్నచో, ఆ సేవకు వెల యేమి? ఆ జీవి ‘సమ్మతి’ అని నోటితో చెప్పలేదు. అడుగక తీసికొన్న సేవ దానమగునా, అపహరణమగునా? నేడు అనేక దేశములలో గుర్రములను, శునకములను చికిత్సకు సహాయముగ పెంచు గ్రామీణ క్షేత్రములు వెలసియున్నవి. కనుక ఇది కేవలము తార్కికుల ప్రశ్న కాదు. ఆచరణలో ప్రతిదినము ఎదురగు ధర్మసందేహము.

అట్టి క్షేత్రములలో ఒకటి అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున బ్రూస్టర్ అను ఊరియందు కలదు. 1947లో శామ్యూల్ రాస్ అను యువకుని కుటుంబము అచట 75 ఎకరముల పాడిక్షేత్రమును కొని, పిల్లలకొఱకు వసతి పాఠశాలను నెలకొల్పెను. దానికి గ్రీన్ చిమ్నీస్ అని పేరు. కాలక్రమమున అది మనఃక్లేశములకు లోనైన బాలబాలికలకు ఆశ్రయస్థానమయ్యెను. పిల్లలు పశువులకు మేత వేయుదురు, కొట్టములు శుభ్రపఱచుదురు, గుర్రములకు మాలీసు చేయుదురు. గాయపడిన పక్షులను అచట చేరదీసి, కోలుకొన్నవానిని మరల ఆకాశమునకు విడిచిపెట్టుదురు.

ఇట్టి చికిత్స ఎట్లు ఫలించునో తెలిసికొనవలెను. నడచుచున్న గుర్రముపై కూర్చున్నవాని నడుము, తాను స్వయముగ నడచుచున్నట్లే, ముందువెనుకలకును, ఇరుప్రక్కలకును, క్రిందుమీదులకును కదలును. కాళ్లు స్వాధీనములో లేని బాలుని దేహమునకు నడకయొక్క లయ ఈ విధముగ పరిచయమగును. ఒకరు పగ్గము పట్టి ముందు నడువగా, అవసరమైనచోట ఇద్దఱు ఇరువైపుల నడచుచు బాలుని పడకుండ కాచుచుందురు. డెన్మార్కు దేశీయురాలగు లిస్ హార్టెల్ 1944లో పోలియో వ్యాధికి గురియై, మోకాళ్ల దిగువభాగము శాశ్వతముగ చచ్చుబడినను, జూబిలీ అను ఆడుగుర్రముపై మరల స్వారిని అభ్యసించెను. గుర్రము నెక్కుటకును దిగుటకును ఆమెకు పరుల సాయము కావలసియుండెను. అట్టి ఆమె 1952లో హెల్సింకి నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలోను, మరల 1956లోను రజతపతకములను గెలుచుకొనెను. ఆమె కాళ్లు బాగుపడలేదు; ఆమె బ్రతుకు బాగుపడెను. పిమ్మట పలుదేశములలో వికలాంగుల అశ్వస్వారికి సంస్థలు ఏర్పడుటకు ఆమె కథ ప్రేరణమైనది.

శునకముయొక్క ఉపకారము మఱియొక విధమైనది. అమెరికాలో బాలుర మనస్తత్వము నెఱిగి చికిత్స చేయు బోరిస్ లెవిన్సన్ అను విద్వాంసునకు జింగిల్స్ అను శునకముండెను. ఎవ్వరితోడను కలియక ముడుచుకొనియున్న యొక బాలుడు ఒకదినము నిర్ణీతసమయమునకు ముందుగనే వచ్చినప్పుడు, గదిలోనున్న జింగిల్స్ వానియొద్దకు పోయి ప్రేమతో నాకినది. బాలుడు దానిని దగ్గఱకు తీసికొనెను. ఆ శునకముద్వారా క్రమముగ వైద్యునితోడను చనువు కలిగెను. 1960 దశకమున లెవిన్సన్ ఈ విషయమును విద్వత్సభలకు తెలిపి, 1969లో గ్రంథముగ కూడ ప్రకటించెను.

శరీరమున జరుగు మార్పులు వైద్యుల విచారణకు సంబంధించినవి. ధర్మవిచారణ చేయువానికి ఇందు మఱియొక విశేషము కన్పట్టును. రోగి ఉదయము మొదలు రాత్రివఱకు ఇతరుల సేవను పొందుచుండును. ఒకరు మందు నిత్తురు, ఒకరు అన్నము పెట్టుదురు, ఒకరు హితము చెప్పుదురు, పలువురు జాలిపడుదురు. తాను ఎవ్వరికిని అక్కఱ లేనివాడనను భావము వాని హృదయమున నాటుకొనును. దేహరోగముకంటె ఇది భయంకరమైన రోగము. అట్టివాడు లాయమునకు వచ్చినప్పుడు, అచట ఒక గుర్రము గడ్డికొఱకు ఎదురుచూచుచుండును. దానికి వాని రోగము పేరు తెలియదు. అది వానిపై జాలిపడదు. తన గిట్టలలో చిక్కుకొన్న మట్టిని తీయువాడు కావలెను, నీటితొట్టిని నింపువాడు కావలెను. అంతవఱకు సేవ పొందినవాడు అచట సేవకుడగును. వాని స్వస్థతకు మూలము ఇచటనే కలదు.

శ్రీవైష్ణవాచార్యుల సిద్ధాంతమెఱిగినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. జీవునకు స్వరూపము శేషత్వమనియు, దానికి తగిన వృత్తి కైంకర్యమనియు పెద్దలు నిర్ణయించిరి. చేపకు నీరెట్టిదో జీవునకు సేవ యట్టిది. చేతనాచేతనములన్నియు శ్రీమన్నారాయణునకు శరీరమని భగవద్రామానుజులు ఉపదేశించిరి గదా! ఆ దృష్టితో చేసిన మూగజీవి సేవ ఆ శరీరికే చెందును. ఆ దృష్టి లేనివాడు చేసినను, సేవ తన స్వభావగుణమును కొంత చూపకమానదు.

ఇక మొదటి సందేహమును విచారింపవలెను. సమ్మతి చెప్పలేని జీవినుండి సేవను గ్రహించుట న్యాయమా? గుర్రము నోరు విప్పదు. కాని దాని దేహము పలుకును. చెవులు వెనుకకు వాల్చుట, తోకను విసవిస కొట్టుట, జీను చూడగనే ప్రక్కకు తొలగుట, ఇవియన్నియు దాని మాటలే. క్రూరమృగములకు ఆహారమగు జాతి యగుటచే గుర్రము తన నొప్పిని దాచుకొనును. కావున దానియొద్ద సేవ గైకొనువాడు ఆ మూగభాషను నేర్వవలెను. స్వభావముచే అది దినములో అధికభాగము మేయుచు తిరుగుచుండు జీవి. ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకసారి దాని గిట్టలను చెక్కవలెను. దాని బలమునకు మించిన భారము నెక్కింపరాదు. తోడిగుఱ్ఱములు లేక ఒంటిగ కట్టివేయరాదు. ఈ నియమములను పాటించి, అలసినప్పుడు విడిచి, ఒల్లనప్పుడు బలవంతపెట్టక గైకొన్న సేవ న్యాయార్జితమగును. అట్లు కానిచో, రోగికి మేలు జరిగినను అది అపహరణమే.

దీనికి ప్రమాణము మహాభారతమున ద్రోణపర్వమునందు కలదు. సూర్యాస్తమయములోగా సైంధవుని వధింపనిచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుడు ప్రతిన పట్టెను. ప్రొద్దు వాలుచున్నది, శత్రుసేన అడ్డుగ నిలిచినది. ఆ సమయమున రథాశ్వములు బాణములు నాటి, దప్పికతో అలసిపోయెను. అర్జునుడు రథము దిగి, నేలపై నిలిచి శత్రువుల నెదిర్చుచు, బాణములతో భూమిని భేదించి జలాశయమును కల్పించెను. శ్రీకృష్ణభగవానుడు స్వయముగ గుర్రములను విప్పి, వాని దేహముల నాటిన బాణములను పెఱికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, మేపి, అలసట తీఱిన పిమ్మటనే మరల రథమునకు పూన్చెను. ప్రాణస్నేహితుని ప్రతిజ్ఞ భంగమగునేమో యను ఘడియలో కూడ గుర్రముల దప్పిక తీర్చుటకు పార్థసారథికి తీరిక దొరకినది. ఇంతకంటె గొప్ప కార్యము తనకు కలదని చెప్పి మూగజీవిని అలసటలో తోలువాడెవ్వడు?

రెండవ సందేహము ఆచారపరులది. శునకము యజ్ఞశాలకు రాదగనిది, పాకశాలను తాకదగనిది. దానిని చేరదీయుట యెట్లు? ఆచారము జంతువునకు చోటు నిర్ణయించినదే గాని, దానిని హింసించుటకు అనుమతి నీయలేదు. శునకమును లోనికి రానీయని గృహస్థునిచేతనే వైశ్వదేవానంతరము దానికొఱకు నేలపై అన్నము పెట్టించినది శాస్త్రము. మహాభారతకథ యొక శునకముతో ఆరంభమై, మఱియొక శునకముతో ముగింపునకు వచ్చుట గమనింపదగినది. జనమేజయుని సత్రయాగమున అతని సోదరులు, ఏ తప్పును చేయని సారమేయుని కొట్టిరి. హవిస్సును నేను ముట్టలేదు, కన్నెత్తి చూడలేదు అని అది తల్లితో మొఱపెట్టుకొనెను. సరమ వచ్చి కారణమడుగగా వారు బదులు చెప్పలేకపోయిరి. ఎదురుచూడని భయము కలుగునని ఆమె పలికిన మాట చక్రవర్తిని కలతపెట్టినది. ఇక మహాప్రస్థానమున, స్వర్గద్వారమున నిలిచిన ధర్మరాజు తనను నమ్మి వెంటవచ్చిన శునకమును విడిచి స్వర్గమును కోరనని ఇంద్రునితో పలికెను. శ్రీమద్భాగవతమున రంతిదేవుడు, పలుదినముల ఉపవాసానంతరము లభించిన అన్నములో మిగిలినదానిని శునకములతో వచ్చిన అతిథికి సమర్పించి, ఆ అతిథికిని శునకములకును గూడ నమస్కరించెను. ఆచారము తెలియనివారు కారు వీరు.

మూడవ సందేహము సూక్ష్మమైనది. జంతువుపై ప్రేమ బంధకారణము కాదా? రాజ్యమును తృణప్రాయముగ విడిచిన భరతుడు, ఏటిలో పడిన లేడిపిల్లను కాపాడి, దానిపై మమకారముచే మఱుజన్మమున లేడియై పుట్టెను గదా! భరతుడు లేడిని రక్షించుట దోషము కాదు; రక్షింపకుండినచో దోషమగును. ‘ఇది నాది’ యని తలచి, దాని చింతలో మునిగి, భగవదారాధనమును మఱచుట దోషము. కావున ఇచట తప్పుదారులు రెండు. జంతువును పనిముట్టుగ చూచుట యొకటి, దానిని తన సొత్తుగ చూచుట మఱియొకటి. ఒకదానిలో దయ లేదు, వేఱొకదానిలో వివేకము లేదు. గుర్రమును, శునకమును, వాని సాయముతో కోలుకొను రోగియు, వారిని పోషించు యజమానియు, అందఱును ఒకే స్వామి సొత్తు. స్వామి సొత్తును కొంతకాలము కాపాడుటకు నియుక్తుడైన సేవకుడు దానిని పాడుచేయడు, తనదని చెప్పుకొనడు. ఇదియే నడుమనున్న మార్గము.

ఈ మార్గమున నడచుచున్నది లేనిది తేల్చు పరీక్ష, ఆ జీవికి వార్ధక్యము వచ్చినప్పుడు ఎదురగును. చికిత్సకు శాంతస్వభావము గల గుర్రము కావలెను గనుక, ఇతర కార్యములలో పెక్కేండ్లు శ్రమించి నెమ్మదించిన గుర్రములే తఱచుగ ఈ క్షేత్రములకు వచ్చును. గుర్రము సాధారణముగ 25 మొదలు 30 ఏండ్లు జీవించును. వెన్ను బలము తగ్గి మనుష్యుని మోయలేని స్థితి వచ్చిన తరువాత కూడ అది పెక్కేండ్లు బ్రతుకవచ్చును. సేవ ఆగును, గడ్డి ఖర్చు ఆగదు. పండ్లు అరిగినకొలది మెత్తని దాణా కావలసి ఖర్చు పెరుగును. ఆ దినమున యజమాని దానిని సంతకు తోలినచో, అంతవఱకు చేసిన పోషణమంతయు వర్తకమని తేలిపోవును. ధర్మరాజువెంట నడచిన శునకము అతనికి ఏ ప్రయోజనమును చేకూర్చలేదు. అది నమ్మి వచ్చినది, అంతే. అతనికి ఆ నమ్మకమే చాలిన కారణమయ్యెను.

ఇందు కఠినమైన యొక చిక్కు కలదు. నయము కాని వ్యాధితో జంతువు దుర్భరవేదన ననుభవించునప్పుడు, దానికి సునాయాసమరణము కలిగించుటయే దయ యని కొందఱు తలతురు. తుదిశ్వాసవఱకు సేవించుటయే ధర్మమని మఱికొందఱు. సజ్జనులలోనే ఈ విషయమున భేదాభిప్రాయము కలదు. కాని యొకటి మాత్రము నిశ్చయము: ఖర్చు తగ్గించుకొనుటకై చేసిన పనికి దయ యను పేరు పెట్టరాదు.

ఈ విచారమంతయు దూరదేశముల క్షేత్రములకు మాత్రమే చెందునని యాత్రికులు తలంపరాదు. బదరీయాత్రకు పోవువారు పలువురు కేదారమును, యమునోత్రిని గూడ సేవింతురు. ఆ కొండదారులలో గుర్రములు, కంచరగాడిదలు యాత్రికులను మోయుచున్నవి. 2022వ సంవత్సరపు యాత్రాకాలమున కేదారమార్గమున అధికశ్రమచే పెక్కు జంతువులు మరణించిన వార్త దేశమందలి భక్తులను బాధించినది. నడువలేని వృద్ధులును వ్యాధిగ్రస్తులును వాని సాయము కోరుట తప్పు కాదు. అయితే ఎక్కుటకు ముందు దాని వీపుపై పుండు కలదేమో చూడవలెను. కుంటుచున్నదానిని ఎక్కరాదు. త్వరపెట్టరాదు. త్రోవలో నీరు త్రాగించుటకు ఆగుమని తోలువానికి చెప్పి, ఆ ఆలస్యమునకు వానిని కోపింపక, కూలిలో కోత పెట్టక యుండవలెను. నడువగలవారు నడచుటయే మేలు.

తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రాత్రి శ్రీనివాసుడు కల్కిరూపమున అశ్వవాహనము నధిరోహించి మాడవీథులలో దర్శనమొసగును. వేలాది భక్తులు చేతులు జోడింతురు. స్వామికి వాహనమైన ఆ రూపమునకు మ్రొక్కిన చేతులతోనే, ఊరిలో బండి లాగు గుర్రమునకు గుక్కెడు నీరు పెట్టుటయు, వాకిట నిలిచిన శునకమునకు పిడికెడు అన్నము వేయుటయు ఆ సేవకు అనుబంధములే. ఋణము పూర్తిగ తీఱునని ఎవ్వరును చెప్పజాలరు. తీర్చుచుండువానియందు సర్వభూతాంతర్యామియగు స్వామి ప్రీతుడగుగాక!