కన్ను తెరువని శిశువు – కన్నవారి ధర్మము



శ్రీమద్భాగవత దశమస్కంధము చివరిభాగమున ద్వారకావాసియగు ఒక విప్రుని కథ కలదు. ఆయన ఇల్లాలికి కలిగిన బిడ్డ భూమిని తాకినంతనే అసువులు బాసెను. ఆ తండ్రి బిడ్డను గుట్టుగా కొనిపోయి పాతిపెట్టలేదు. చేతులలో నెత్తుకొని రాజద్వారము కడకు వచ్చి, అచట పరుండబెట్టి, పాలకుల దోషముచేతనే తన బిడ్డ పోయెనని ఎలుగెత్తి విలపించెను. రెండవ బిడ్డయు అట్లే పోయెను. మూడవ బిడ్డయు అంతే. ప్రతిసారియు ఆయన ఆ ద్వారము కడకే వచ్చెను. తొమ్మిదవ బిడ్డనాడు గాని ఆ విలాపము ఒకని హృదయమును తాకలేదు. ఆ విన్నవాడు శ్రీకృష్ణుని సన్నిధి నున్న అర్జునుడు.

తరువాతి కథ మీరెరిగినదే. అర్జునుడు సూతికాగృహమునకు బాణపంజరము కట్టుట, అయినను శిశువు ఏడ్చుచునే దేహముతో సహా అదృశ్యమగుట, పిదప శ్రీకృష్ణుడు అర్జునుని రథముపై గొనిపోయి లోకాలోక పర్వతమునకు ఆవల నున్న పరమపురుషుని కడనుండి ఆ బిడ్డలనందరిని తెచ్చి తండ్రికి అప్పగించుట. పౌరాణికులు సాధారణముగా అర్జునుని గర్వభంగమును విస్తరించి కథను ముగింతురు. నాకు మాత్రము ఆ రాజద్వారమే ముఖ్యముగా తోచును. తొమ్మిది మారులు ఒక తండ్రి తన దుఃఖమును ఊరి నడుమ నుంచెను. రాజును నిందించెనే గాని ఇల్లాలిని ఒక్కమాట అనలేదు.

మన యిండ్లలో జరుగునది దీనికి విపరీతము. మోతీనగర్, ఫిలింనగర్ ప్రాంతముల గృహస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. సినిమాలలో తలుపు వెనుకనుండి పసికందు ఏడుపు వినిపించును, బయట నున్నవారందరు నవ్వుదురు. ఏడుపు వినిపింపని ఇంటిని ఎంతమంది చూపిరి? ఆ ఇంట ఊయల అటకెక్కును. కుట్టించిన చొక్కాలు ఎవరికో పోవును. గ్రహణమునాడు గడప దాటినదనియు, బరువెత్తినదనియు కోడలిపై నింద పడును. బిడ్డ ముఖమును తల్లికి చూపవద్దని పెద్దలు శాసింతురు.

ఇందుకు శాస్త్రము ప్రమాణమా? రెండేండ్లు నిండని శిశువునకు దహనమును, ఉదకదానమును మనుస్మృతి విధింపలేదు, నిజమే. కర్మ లేదన్నదే గాని, ప్రేమ కూడదన్నదా? దేవకీదేవిని స్మరింపుడు. కంసునిచే హతులైన తన ఆర్వురు బిడ్డలను ఒక్కసారి చూడవలెనని ఆ తల్లి కోరినది. ఏండ్లు గడచినవి, మరచిపొమ్మని రామకృష్ణులు అనలేదు. సుతలమునకు పోయి, బలిచక్రవర్తి కడనుండి వారిని తెచ్చి ఆమె ఒడిలో నుంచిరి. ఆమె స్తన్యమిచ్చినది. తోడనే వారు తమ లోకమునకు వెడలిపోయిరి. భగవంతుని కన్నతల్లికి సైతము వారిని నిలుపుకొను భాగ్యము లేకపోయెను. విప్రుని ఇంటికి వచ్చిన రథము మా యింటికేల రాలేదని అడుగు తల్లికి నేను సమాధానము చెప్పజాలను. ఆమెతో దేవకి కథ చెప్పుకొని కూర్చుండగలను, అంతే. చూడవలెనని అడిగిన తల్లికి మాత్రము బిడ్డను చూపుడు.

దుఃఖమును రాజద్వారము కడ నుంచిన ఉదాహరణము మన భాగ్యనగరముననే కలదు. ఏడవ నిజాము రెండవ కుమారుని భార్యయగు నీలోఫర్ రాకుమారికి సంతానము కలుగలేదు. 1949లో ఆమెకు ప్రియమైన పరిచారిక రఫతున్నీసా ప్రసవవేదనలో మరణించినది. ఇట్టి చావు మరియొకరికి రాకూడదని ఆ రాకుమారి పట్టుబట్టగా వెలసినదే రెడ్‌హిల్స్ నందలి నీలోఫర్ ఆసుపత్రి. 1953 నుండి అది స్త్రీలకును శిశువులకును ఆశ్రయమై యున్నది. రాకుమారి మతము వేరైన నేమి, ఆ విప్రుని మార్గమే ఆమెది.

నేడు ప్రపంచమున ఏటేట సుమారు 19 లక్షల శిశువులు, గర్భము 28 వారములు నిండిన పిదప, ప్రాణము లేకయే పుట్టుచున్నారు. వారిలో నూటికి నలువదిమందికి పైగా ప్రసవము ఆరంభమైన తరువాతనే, అనగా తగిన వైద్యులు చెంతనున్నచో పెక్కుమంది దక్కదగిన సమయముననే, పోవుచున్నారు. తల్లి రక్తపోటు, మధుమేహము, అంటురోగములు, దీర్ఘమైన ప్రసవము – కారణములు ఇట్టివి, గ్రహణము కాదు. కడుపులో బిడ్డ కదలిక తగ్గినదని తల్లి అన్నచో తెల్లవారువరకు ఆగరాదు. ఈ ఒక్కమాట ప్రతి అత్తగారికిని తెలిసిన చాలును. నవజాత శిశుమరణములతో పాటు ఇట్టి జననములను కూడ 2030 నాటికి వేయింటికి పదికి లోపు చేయవలెనని మన దేశము 2014లో సంకల్పించినది. బిడ్డ మరణించి పుట్టినను తల్లికి విశ్రాంతి అవసరమని గుర్తించి, 2022లో కేంద్రప్రభుత్వము తన మహిళా ఉద్యోగులకు 60 దినముల ప్రత్యేక సెలవును అనుగ్రహించినది.

కావున బిడ్డను కోల్పోయిన దంపతులు ఆ తిథినాడు ఏమి చేయవలెనని అడిగినచో, ఆ బిడ్డకై దాచిన ధనమును మరియొక బిడ్డ ప్రాణమునకు వెచ్చింపుడని చెప్పుదును. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వెలుపల చెట్లక్రింద కాచుకొనియున్న బంధువులకు అన్నము పెట్టవచ్చును. పేద గర్భిణి పరీక్షలకును, రాత్రివేళ వాహనమునకును రొక్క మీయవచ్చును. ప్రసవమున రక్తస్రావము తల్లుల ప్రాణములు తీయును గనుక తండ్రి రక్తదానము చేయవచ్చును. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానములవారు 2021లో ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయమున హృద్రోగముతో పుట్టిన పసివారికి చికిత్స జరుగుచున్నది. నిరుపేద రోగులకై శ్రీ వేంకటేశ్వర ప్రాణదాన ట్రస్టు కలదు. మ్రొక్కుబడి చెల్లింప కొండకు పోవువారు హుండీలో వేయు ముడుపులో కొంత ఇటు మరలించినను స్వామికి చేరినట్లే.

నామకరణము కాని బిడ్డ పేర రసీదు ఎట్లు వ్రాయించవలెనని కొందరు సంశయింతురు. మన దేశమున 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము ప్రాణము లేక పుట్టిన శిశువునకును ప్రభుత్వ పుస్తకమున ఒక పంక్తి కలదు. అట్లే వ్రాయింపుడు: తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, ‘శిశువు’.