మరుగు ధర్మమా? మోసమా?

మఠంపల్లి మండలంలోని మట్టపల్లి క్షేత్రంలో యోగానంద లక్ష్మీనరసింహస్వామి సన్నిధిని ఒరసి ప్రవహించే కృష్ణవేణి హంసలదీవి వద్ద సాగరంలో లీనమవుతున్నది. ఆ సాగరమే దక్షిణాన పాక్ అఖాతంలో, మన్నారు సింధుశాఖలో, లోతు తక్కువైన చోట్ల పచ్చిక బయళ్లను పోషిస్తున్నది. అది నాచు కాదు. వేళ్లు, ఆకులు, పూలు గల సముద్రపు గడ్డి.

ఆ గడ్డిలో పుల్లవంటి సన్నని చేప ఒకటి నివసిస్తున్నది. అది సముద్రపు గుర్రానికి దాయాది. ఆకుల నడుమ ఆకువలె నిలిచి, అల ఎటు ఊగితే అటు ఊగుతుంది. ఆడచేప పెట్టిన గుడ్లను మగచేపయే తన ఉదరాన ధరించి కాపాడుతుంది. పెద్ద చేపల కంటబడక ఆ సంతతి నిలుచుటకు ఆ మరుగే ఆధారం.

అయితే ఆ మరుగు నుండే అది వేటాడుతుంది. ఆకని భ్రమించి దరిజేరిన చిన్న రొయ్యజాతి జీవిని గొట్టం వంటి మూతితో క్షణంలో పీల్చివేస్తుంది. ఒకే పచ్చదనం ఒకరికి రక్ష, మరొకరికి ఉరి. ఇక మనిషి వల ముందు ఆ వేషమూ పనికిరాలేదు. 2001లో భారత ప్రభుత్వం ఈ కుటుంబపు చేపలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడకు చేర్చవలసి వచ్చింది.

మరి మరుగుపడుట ధర్మమా, మోసమా?

పాండవులు విరాటుని కొలువులో ఏడాదిపాటు మారువేషాలతో మెలగారు. రావణుడు సన్న్యాసి వేషంతో పర్ణశాల వాకిట నిలిచాడు. ఉభయులూ రూపం దాచినవారే. కాని పాండవులు దాచినది పేరు మాత్రమే. అన్నం పెట్టిన యింటి గోవులను శత్రువులు పట్టినపుడు తెగించి విడిపించారు. రావణుడు దాచినది దురుద్దేశం. భిక్ష తెచ్చిన చేతినే వంచించాడు.

చేపకు ఈ విచారణ లేదు. దాని వేషం పుట్టుకతో వచ్చినది. మన నుదుటి నామం, మెడలోని తులసిమాల మనం ఎరిగి ధరించినవి. వాటిని చూచి నమ్మి ఒక పేదరాలు తన కష్టార్జితాన్ని మన చేతిలో దాచుకొంటే, ఆ సొమ్ము ఆమెకు చెక్కుచెదరక తిరిగి ముట్టుతున్నదా? దానమిచ్చి పేరు దాచుకొనేవాని మరుగు వేరు. నామం చాటున లెక్క దాచేవాని మరుగు వేరు.

స్వామియూ స్తంభంలో మరుగై యున్నవాడే. ఆ మరుగు ప్రహ్లాదునికి అభయమైనది. మన మరుగున ఎవరు బ్రదుకుతున్నారో, ఎవరు నశిస్తున్నారో ఆయన ఎరుగును. ఆ ఎరుక మనకును కలుగునట్లు స్వామి అనుగ్రహించుగాక!