నేర్చుకొనవలసినవారెవరు?

పోయిన వర్షాకాలమున మా ఇంటావిడకు పిత్తాశయములో రాళ్ళు తీయుటకు ఆపరేషను జరిగినది. బళ్ళారిలో ఒక ఆసుపత్రిలో ఐదు రోజులున్నాము. రోగి ప్రక్కన కూర్చున్నవానికి చూచుట తప్ప వేరు పని యుండదు గదా! అక్కడ చూచిన ఒక చిన్న సంగతి నన్ను ఇప్పటికిని విడువలేదు.

ఆ వార్డులో యాభై ఏండ్ల నర్సమ్మ ఒకరున్నారు. ఆమె సూది వేసిన వేసినట్లే తెలియదు. ముఖము చూచియే నొప్పి ఎంతయో గ్రహింపగలరు. కేస్ షీట్లు తీసివేసి అన్నియు కంప్యూటరులోనే ఎక్కింపవలెనని ఆ ఆసుపత్రిలో కొత్తగా నియమము పెట్టినారు. ఆమె బి.పి., జ్వరము, ఇచ్చిన మందు మొదట చీటీమీద వ్రాసికొని, డ్యూటీ ముగిసిన తరువాత ఒంటి వ్రేలితో ఒక్కొక్క అక్షరమే వెదకి కొట్టుచుండిరి. ఒకనాడు ఆఫీసు నుండి వచ్చిన యువకుడు అందరి ఎదుట, "నెలరోజులైంది, ఇంకా నేర్చుకోకపోతే ఎట్లా సిస్టర్?" అని గద్దించినాడు. ఆమె అతనికి బదులు చెప్పలేదు. తరువాత నాతో, "నేర్చుకోనని నేనెప్పుడన్నానన్నా? బెల్లు కొట్టిన మంచం దగ్గరికి పోవాల్నా, దీని ముందర కూర్చోవాల్నా, అది చెప్తే చాలు" అన్నారు.

ఆ యువకుని మాట నాకు కొత్తది కాదు. అది నా మాటయే. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు మా కొట్టులో కంప్యూటరు పెట్టించినాను. మా నాన్నగారి కాలము నుండి చిట్టా, ఆవర్జా వ్రాసిన గుమాస్తాగారికి పది రోజులు గడువిచ్చి, పదకొండవనాడు బేరమునకు వచ్చినవారి ఎదుటనే ఇదే మాట అన్నాను. మరునాటి నుండి ఆయన రాలేదు. కాలము ఎవరికొరకును ఆగదని నాకు నేను సమాధానము చెప్పుకొన్నాను. ఏ రైతు పంట ఇంటికి వచ్చిన పిమ్మటగాని బాకీ తీర్చలేడో, ఎవరిని ఏ నెలలో ఒత్తిడి చేయరాదో ఆయనకు తెలియును. ఆ తెలివి ఆయనతోనే పోయినది.

కావున నా ప్రశ్న ఇది. కొత్త సాధనము వచ్చినప్పుడు మారవలసిన బాధ్యత పనివానిదా, దానిని తెచ్చినవానిదా?

కంప్యూటరు వద్దని నా వాదము కాదు. డాక్టరుగారి చేవ్రాత చదువలేక ఒక మందుకు బదులు వేరొక మందు ఇచ్చు ప్రమాదము తప్పును. ఏ మందు పడదో ముందే తెలియును. 2021లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద 14 అంకెల ఆభా నంబరు తీసికొన్నవారు, దానితో కలిసిన ఆసుపత్రులలో పాత రిపోర్టుల సంచి మోయనక్కరలేదు. ఇది మేలే.

అయితే మేలైన వస్తువు తొందరపాటువలన కీడు కావచ్చును. అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో 2002లో డాక్టర్ల ఆదేశములన్నియు కంప్యూటరులోనే వ్రాయు పద్ధతిని ఆరు రోజులలో ఆసుపత్రి అంతటను ప్రవేశపెట్టినారు. ఇతర ఆసుపత్రుల నుండి అక్కడికి తరలింపబడిన బిడ్డలలో అంతకుముందు నూటికి 2.8 మంది మరణించుచుండగా, తరువాతి ఐదు నెలలలో అది 6.57కు పెరిగినదని 2005లో అక్కడి వైద్యులే ప్రకటించినారు. పూర్వము బిడ్డ దారిలో ఉండగానే కావలసిన మందులు వ్రాసి సిద్ధము చేసెడివారు. కొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి, పేరు నమోదైనగాని ఆదేశము వ్రాయుటకు వీలులేకపోయెను. మంచము దగ్గర ఉండవలసినవారు యంత్రము దగ్గర నిలిచిపోయిరి. అదే యంత్రాంగమును సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో ముందు ఆలోచించి, సిబ్బందికి తోడు నిలిచి అమర్చినారు. అక్కడ మరణములు పెరుగలేదని 2006లో తెలిపినారు. యంత్రము ఒక్కటే, తెచ్చిన తీరు వేరు.

అట్లని సిబ్బందికి ధర్మము లేదని కాదు. నిన్నటి వ్రాతనే నేటికి దించుట, జ్వరము చూడకయే అంకె వేయుట, ఒకరి పాస్‌వర్డుతో మరొకరు వ్రాయుట తప్పే. నాటి చిట్టా నాటి సాయంత్రమే, జరిగినది జరిగినట్లు వ్రాయవలెనని వర్తకులమైన మనకు తెలియనిది కాదు. కొట్టులో దొంగ లెక్క ధనమును పోగొట్టును. వార్డులో దొంగ లెక్క ప్రాణమును పోగొట్టును. కాని వ్రాయుటకు తీరికయే ఇవ్వక నిజము వ్రాయుమనుట న్యాయమా? డ్యూటీ వేళలోనే నేర్పవలెను. మొదటి కొన్ని వారములు అదనపు మనుష్యులను ఇవ్వవలెను. రాత్రి డ్యూటీ నర్సు చెప్పు కష్టమును వినవలెను. యంత్రము నిలిచిపోయిననాడు కాగితముపై పని నడుపు ఏర్పాటు ఉండవలెను. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దాడి జరిగినప్పుడు కొన్నాళ్ళు ఆ పెద్ద ఆసుపత్రినే చేతివ్రాత ఆదుకొన్నది గదా!

ఆసుపత్రి నుండి వచ్చిన వారమునకు గుమాస్తాగారి ఇంటికి వెళ్ళినాను. తప్పు నాదేనని చెప్పినాను. ఆయన కాఫీ తెప్పించినారు, మా ఇంటావిడ ఆరోగ్యము అడిగినారు. కొట్టు మాట ఎత్తలేదు. ఆ మౌనమునకు నేను అర్హుడనే.

మనలో కొట్లు నడుపువారున్నారు, ఆసుపత్రుల కమిటీలలో ఉన్నవారును ఉన్నారు. "నీవేల నేర్చుకొనలేదు?" అని అడుగుటకు ముందు, "మేము నేర్పితిమా?" అని ఒక్కసారి తమను తాము అడుగుకొనవలెనని నా మనవి.