పియానో పాఠము: ఎవరి కోరిక?

చెన్నపట్టణమునను బెంగుళూరునను మధ్యతరగతి గృహములలో నేడు పియానో గాని, దానికి మారుగా విద్యుత్తుతో పలుకు కీబోర్డు గాని కనబడుట అరుదు కాదు. ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చుటయో, బిడ్డను ఆయన యింటికి పంపుటయో జరుగుచున్నది. లండనులోని ట్రినిటీ కాలేజివారి పరీక్షలు ఒకటవ గ్రేడు మొదలు ఎనిమిదవ గ్రేడు వరకు గలవు. ఒక్కొక్కటి దాటినప్పుడు తల్లిదండ్రుల సంతోషము చూడదగినది. బిడ్డ సంతోషమును గూర్చి అడుగువారు తక్కువ. పాఠము బిడ్డది, కోరిక ఎవరిది?

పియానో చరిత్రలోనే దీనికొక కఠినమైన దృష్టాంతము కలదు. జర్మనీలోని లైప్జిగ్ నగరమున ఫ్రీడ్రిక్ వీక్ అను ప్రసిద్ధ పియానో ఉపాధ్యాయుడుండెను. తన కుమార్తె క్లారాకు తానే గురువై, బాల్యముననే ఆమెను గొప్ప విద్వాంసురాలిని గావించెను. 1827లో, ఆమెకు ఏడేండ్ల వయసున, ఆమె పేర దినచర్య పుస్తకమొకటి ప్రారంభించెను. అందు వ్రాసినది తండ్రి. "నేను" అని చెప్పుకొన్నది కుమార్తె! ఆ బాలిక మనస్సు నిజముగా ఏమనుకొన్నదో ఆ పుటలను చదివి తెలిసికొనుట యెట్లు? పెద్దదైన పిదప ఆమె రాబర్ట్ షూమన్‌ను వరింపగా తండ్రి అడ్డుపడెను. 1840లో న్యాయస్థానము అనుమతించిన తరువాతనే వారి వివాహము జరిగినది.

ఐనను వీక్‌ను నిందించి ఊరకుండుటకు వీలులేదు. 1856లో భర్త మరణించునాటికి క్లారాకు ఏడుగురు సంతానము. వారిని పోషించినది తండ్రి నేర్పిన ఆ విద్యయే. ఆయన బలవంతము మేలు చేసినదా, కీడు చేసినదా? రెండును చేసినది.

అంతకు నూరేండ్లకు పైగా ముందు, పియానో ఇంకను ప్రచారములోనికి రాని కాలమున, బాహ్ మహాశయుడు తొమ్మిదేండ్ల తన పెద్దకుమారునికై 1720లో ఒక సంగీత పుస్తకమును ఆరంభించెను. ఏ స్వరమును ఏ వ్రేలితో నొక్కవలెనో అంకెలు వేసి చూపెను. నాకు ముచ్చటగొలుపు విశేషము వేరొకటి కలదు: ఆ పుస్తకమున కొన్ని పుటలు కుమారుడు స్వహస్తముతో వ్రాసినవి. ఇచ్చట తండ్రి, బిడ్డకు కలమందిచ్చెను. అచ్చట బిడ్డ కలమును తానే తీసికొనెను.

బలవంతమే కూడదను వాదము వినసొంపుగా నుండును గాని నిలువదు. రుచి చూడనిదానిని కోరుట ఎవరి తరము? సరళీ వరుసలను ప్రేమించి ఆరంభించిన బాలుడు నాకింతవరకు కనబడలేదు. మన యిండ్లలో, బడిలో లేని తెలుగు అక్షరములను సాయంకాలము కూర్చుండబెట్టి దిద్దించుటయు ఇట్టిదే. ఆటనుండి పిలిచి తీరవలసినదే. నేను దానిని తప్పనను. కాని ఆ పిలుపునకొక గడువుండవలెను. పండ్రెండు, పదమూడేండ్లు వచ్చిన బిడ్డ "నాకు వలదు" అన్నచో, ఆ మాటను సోమరితనమని కొట్టివేయక ఒకమారు కూర్చుండి వినవలెను.

పెద్దవారి విషయము వేరు. ఏబదియేండ్ల గుమాస్తా బిగిసిన వ్రేళ్లతో పియానో ముందు కూర్చుండినచో ఇరుగుపొరుగువారు నవ్వుదురు. పరీక్ష లేదు, సభ లేదు, మెచ్చువారు లేరు. ఐనను రుసుమిచ్చువాడును నేర్చుకొనువాడును ఒకడే గనుక ఆ పాఠమున దాపరికము లేదు. బాగుగా వాయింపలేకపోవుటకు ఆయనకు పూర్తి హక్కు గలదు. బిడ్డకు ఆ హక్కును మనమీయము!

ఇందు ఉపాధ్యాయుని స్థితి చిక్కైనది. సొమ్ము తండ్రిచేతినుండి వచ్చును, ఋణము బిడ్డకు తీర్చవలెను. తండ్రికి గ్రేడు కావలెను. బిడ్డకు ఏమి కావలెనో ఆయనయే కనిపెట్టవలెను. పాఠమున చివరి పదినిమిషములు బిడ్డ స్వయముగా ఎన్నుకొన్న పాటకు విడిచిపెట్టుట సులభమైన ఉపాయము. అది నిన్న విడుదలైన సినిమాలోని పాటయైనను ఆయన ముఖము చిట్లింపరాదు.