నేతిబీర పందిరి

దీర్ఘవ్యాధిచే నెలల తరబడి గడప దాటలేని వారికి పగలెంత పొడవో, గోడమీది బల్లితో సైతము ముచ్చటలాడ నేర్చినవారికే యెఱుక. వెన్నెముకకు సోకిన క్షయచే టోక్యో నగరమున శయ్యాగతుడై, లోకమెల్ల ఆరడుగుల పడకకు కుదించుకొనిపోయిన పిమ్మటగూడ జపాను కవి మసఓకా షికి, 1902 మే మొదలుకొని మరణమునకు రెండు దినముల ముందువరకు, పత్రికకు 127 భాగములు వ్రాసెను. బాధకు ఓర్వలేక అఱచితినని వ్రాయుటకు సిగ్గుపడలేదు. నాకు ప్రీతికరమైనది ఆ దాపరికము లేమియే. గదికి అద్దపు తలుపులమర్చగా, పడుకొనియే తోటను చూడగలిగెను. వెలుపల పందిరిపై నేతిబీర ప్రాకుచుండెను. ఎండకు నీడయు, తీగను కోసి పట్టిన నీరు కఫమునకు మందును. మన సామెతలో నెయ్యి లేదని వెక్కిరింపబడు ఆ తీగెయే, ఆయన తుది కవితలు మూడింటను నిలిచినది.