డాక్టరు గారి పాట

శ్రీపాద పినాకపాణి గారు వృత్తిరీత్యా డాక్టరు. కర్నూలు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పారు, రోగుల్ని చూశారు. సంగీతం ఆయనకు బతుకుతెరువు కాదు. అయినా నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసులు ఆయన దగ్గరే పాటకు మెరుగులు దిద్దుకున్నారు! 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది.

ఇష్టంతో పాడేదే కదా అని ఆయన సాధనలో సడలింపు ఇచ్చుకోలేదు. గమకం ఎక్కడ ఊగాలో, ఎక్కడ నిలవాలో గుర్తులు పెట్టి, వందల కృతులను స్వరలిపిలో కాగితం మీద పెట్టారు. ఆ పుటలు చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అలాంటి పట్టుదలతోనే మా పక్కింట్లో ఒక బ్యాంకు ఉద్యోగి తెల్లవారుజామున వీణ శ్రుతి చేసుకుంటారు. వినేవాళ్లెవరూ ఉండరు. తీగ రవ్వంత తేడాగా పలికినా మళ్లీ మొదటికొస్తారు. ఇవాళ కూడా అలాగే మొదటికొచ్చారు.