గురువును గురించి శిష్యుని మాట

గురువు చెప్పిన పాఠం ఎలా ఉన్నదో శిష్యుడు చెప్పవచ్చునా? చెప్పవచ్చునంటే ఎంతవరకు, ఎవరికి, ఏ మాటలతో? మన తాతముత్తాతల బడుల్లో ఈ ప్రశ్న తలెత్తిన సందర్భాలు అరుదు. నేడు అనేక ఉన్నత పాఠశాలలు విద్యార్థుల చేతికే ఒక ఫారం ఇచ్చి, ఉపాధ్యాయుల బోధనపై అభిప్రాయం అడుగుతున్నాయి. గురువు దైవసమానుడని ఇంట్లో విన్న పిల్లవాడు, బడిలో అదే గురువుకు ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె వేయవలసి వస్తుంది. జింజ్‌లో కాపురముంటున్న మనకు ఇది దూరపు చర్చ కాదు. మన పిల్లలు ఈ పేటలోనే బడికి వెళ్లినా, బస్సెక్కి ఈసా టౌన్‌కు వెళ్లినా, ఈ చిక్కు వారికి ఎదురుకావచ్చు. ఉన్నది ఉన్నట్టు రాస్తే గురుద్రోహమా? మొహమాటపడి అంతా బాగుందని రాస్తే అసత్యమా?

మన సంప్రదాయంలో గురుభక్తి అంటే నోరు మూసుకొని ఉండటమని ఎక్కడా లేదు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, చదువు ముగించుకొని వెళ్లే శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశం ఉంది. తమ నడవడిలో మంచిదాన్నే అనుసరించమని, తక్కినదాన్ని విడిచిపెట్టమని ఆచార్యుడే చెబుతాడు. గురువులోనూ తక్కినది ఉండవచ్చునని, దాన్ని గుర్తించే వివేకం శిష్యునికి ఉండాలని దీని భావం. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ముందు ఒక ఏడాది నియమంతో తన దగ్గర ఉండి, ఆ తరువాత ఇష్టమైనది అడగమంటాడాయన. తనకు తెలిసి ఉంటే చెబుతానంటాడు. ఏడాది పాటు శ్రద్ధగా కూర్చున్నవానికే మాట్లాడే అర్హత కలుగుతుందన్న సూచన ఇందులో ఉంది. తనకు తెలియనిది ఉండవచ్చునన్న గురువు వినయమూ ఉంది.

అయితే గురువులందరూ పిప్పలాదులు కారు. భారతం అరణ్యపర్వంలోని అష్టావక్రుని కథ మన పిల్లలకు తప్పక చెప్పదగినది. ఉద్దాలకుని శిష్యుడు, అల్లుడు అయిన కహోడుడు వేదం వల్లిస్తుండగా, తల్లి గర్భంలో ఉన్న శిశువు ఆ అధ్యయనంలో దోషం ఉన్నదని పలికాడు. శిష్యుల నడుమ తనకు అవమానం జరిగిందని కోపించి, కహోడుడు ఎనిమిది వంకరలతో పుట్టమని కొడుకును శపించాడు. తరువాత జనకుని సభలో వాదంలో ఓడి జలమగ్నుడైనవాడూ ఆ తండ్రే. పన్నెండేళ్ల వయసులో ఆ సభకు వెళ్లి, వాదంలో గెలిచి, తండ్రిని తిరిగి తెచ్చుకున్నవాడు అష్టావక్రుడు. ఆ తండ్రి మాట మేరకే సమంగా నదిలో స్నానం చేసి తన వంకరలను పోగొట్టుకున్నాడు. తప్పు చెప్పిన నోరే ఆపదలో ఆదుకుంది. శపించిన వానిపై కొడుకు కక్ష పెట్టుకోలేదు. విమర్శ, భక్తి ఒకే హృదయంలో ఇమడగలవని చెప్పడానికి ఇంతకంటే మంచి కథ మరొకటి దొరకదు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. విద్యార్థి మాటకు ఎంత బరువు ఇవ్వాలి? సాక్షికీ న్యాయమూర్తికీ తేడా ఉన్నది. సాక్షి తాను చూసినది చెబుతాడు. న్యాయమూర్తి అందరి మాటా విని తీర్పు ఇస్తాడు. విద్యార్థి సాక్షి. ఏడాది పొడుగునా ఆ తరగతిలో ఉన్నవాడు గనుక అతని సాక్ష్యం విలువైనది. ఈ దేశంలో పాఠశాలలను సమీక్షించే విద్యా, శిక్షణ నాణ్యతా సంస్థ 2008లో ఏర్పడింది. దాని సమీక్షకులు తరగతులను చూస్తారు, విద్యార్థులు రాసిన పనిని పరిశీలిస్తారు, ఉపాధ్యాయులతోను, తల్లిదండ్రులతోను, విద్యార్థులతోను మాట్లాడతారు. అక్కడ విద్యార్థి మాట అనేక ఆధారాలలో ఒకటి. అది ఉండవలసిన స్థానం అదే.

సాక్ష్యంలోనూ లోపం ఉండవచ్చు. అమెరికాలో ఆన్‌లైన్ తరగతులపై జరిగి, 2015లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, బోధించేవారు పురుషుడని నమ్మిన విద్యార్థులు ఎక్కువ మార్కులు వేశారు. అదే వ్యక్తిని స్త్రీ అని నమ్మినవారు తక్కువ వేశారు. వారు కళాశాల విద్యార్థులే అయినా హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. మన పిల్లలకు పాఠం చెప్పేవారు అనేక ప్రాంతాలవారు, అనేక యాసలవారు. యాస నచ్చకపోవడం వేరు, పాఠం అర్థం కాకపోవడం వేరు. హోంవర్కు ఎక్కువ ఇచ్చేవారు కఠినులుగా కనిపించవచ్చు. పదేళ్ల తరువాత వారినే తలచుకొని నమస్కరించవచ్చు.

పైగా ఇక్కడ ఇరువైపులా భయం ఉన్నది. సీబీఎస్ఈ పదో తరగతిలో ఒక్కో ప్రధాన విషయానికి 20 మార్కులు బడిలోనే వేస్తారు. నిజం రాస్తే వాటికి కోత పడుతుందేమోనని విద్యార్థి భయం. ఉద్యోగంతోనే నివాసానుమతి ముడిపడిన ఈ గల్ఫ్ దేశంలో, ఒక కాంట్రాక్టు కొనసాగకపోతే ఒక కుటుంబమే పెట్టె సర్దుకోవలసి రావచ్చు. అది ఉపాధ్యాయుని భయం. కాబట్టి విద్యార్థి పేరు గోప్యంగా ఉంచడం పాఠశాల ధర్మం. ఒక్క ఏడాది ఫారాలను మాత్రమే చూసి ఒకరి జీవనోపాధిని తేల్చకపోవడమూ దాని ధర్మమే. విద్యార్థికీ ఒక ధర్మం ఉన్నది. కింద సంతకం పెట్టవలసి వస్తే ఏ మాట రాస్తాడో, సంతకం అక్కరలేని చోటా అదే మాట రాయాలి. ఉపాధ్యాయుడు కొట్టినా, హీనంగా మాట్లాడినా ఆ సంగతి వేరు. దానికి ఫారం వచ్చేదాకా ఆగకూడదు. వెంటనే తల్లిదండ్రులకు చెప్పాలి, వారు ప్రధానోపాధ్యాయులకు చెప్పాలి.

ఇక ఏ మాటలతో చెప్పాలన్నది మన భాషే నేర్పుతుంది. "ఆయనకు చెప్పడం రాదు" అనేది తీర్పు. "నాకు అర్థం కాలేదు" అనేది సాక్ష్యం. రెండో వాక్యంలో ఎవరిపైనా నింద లేదు, అయినా చెప్పవలసినది దాచలేదు. దానికి ఇంకొంచెం వివరం చేర్చితే గురువుకు పనికివస్తుంది: "రసాయన సమీకరణాలు బోర్డు మీద వేగంగా చెరిపేస్తున్నారు, రాసుకోవడానికి మాకు సమయం చాలడం లేదు." ఈ మాట విన్న ఉపాధ్యాయుడు మరునాడే తన పద్ధతి మార్చుకోగలడు. ఒకటి నుంచి ఐదు వరకు వేసిన అంకె అతనికి ఏమీ నేర్పదు. బాగున్నదాన్ని కూడా ఇంత వివరంగానే చెప్పాలి. మంచి పాఠం చెప్పిన రోజున ఎవరూ ఏమీ అనకపోతే, అది మంచిదని గురువుకు తెలిసేదెలా?

తల్లిదండ్రులుగా మనం రెండు తొందరలను మానుకోవాలి. పిల్లవాడు బడి సంగతి చెప్పగానే "గురువును అలా అనవచ్చునా?" అని నోరు మూయించడం ఒకటి. ఆ మాటే పట్టుకొని మరునాడు బడికి పోయి పోట్లాడటం రెండవది. నడుమ ఒక మార్గం ఉన్నది: ఏమి జరిగిందో అడగడం, ఏమి చూశావో చెప్పమనడం, అది మర్యాదగా చెప్పే వాక్యం కలిసి వెతకడం.

ఈ సాధన మన ఇంట్లోనే మొదలు కావచ్చు. సెలవునాడు పిల్లలను కూర్చోబెట్టి గుణింతాలు, పద్యాలు చెప్పే మనమూ గురువులమే. ఈ వారం పాఠం ముగిశాక, "ఏది అర్థమైంది? ఏది కాలేదు? నేనేమి మార్చుకోవాలి?" అని వారిని అడుగుదాం. వారు చెప్పేది కోపం లేకుండా చివరిదాకా విందాం. ఇంట్లో తన మాట విన్న గురువును చూసిన పిల్లవాడికి, బడిలో తన గురువుతో ఎలా మాట్లాడాలో వేరే చెప్పనక్కరలేదు.